కోపాన్ని దిగమింగాలా, కక్కేయాలా? ఈ రెండూ కాని దారి ఏదైనా ఉందా?

ఉలిదెబ్బ

నా వయసు 41 ఏళ్లు. ఈ ప్రశ్న అడగడానికి నాలుగు రోజులుగా వెనకాడుతున్నాను, ఎందుకంటే దీన్ని అక్షరాల్లో పెడితే నా సంగతి నేనే ఒప్పుకున్నట్లవుతుంది. బయటివారి దృష్టిలో నేను నెమ్మదస్తుణ్ణి. ఆఫీసులో పై అధికారి నలుగురి ముందూ మాట అన్నా నవ్వి ఊరుకుంటాను. రోడ్డు మీద ఎవరైనా అడ్డదిడ్డంగా దూసుకొచ్చినా పళ్లు కొరుక్కుని సరిపెట్టుకుంటాను. అలా ఊరుకున్నదంతా ఇంట్లో అడుగుపెట్టాక ఏదో ఒక చిన్న సాకుతో బయటపడుతుంది.

గత గురువారం జరిగినది చెబుతాను. తొమ్మిదేళ్ల మా అమ్మాయి టీవీ చూస్తోంది. శబ్దం తగ్గించమని ఒకసారి చెప్పాను, రెండోసారి చెప్పాను. మూడోసారి చెప్పవలసిన చోట రిమోటు లాక్కుని గోడకేసి కొట్టాను. వెనక మూత ఊడి ఒక బ్యాటరీ సోఫా కిందికి దొర్లిపోయింది. మా అమ్మాయి ఏడవలేదు. నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి వెతికి, ఆ బ్యాటరీని తీసి రిమోటులో అమర్చి, మూత నొక్కిపెట్టి, దాన్ని నా పక్కన ఉంచి తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ పనిని అది ఎంత అలవాటుగా చేసిందో చూసిన తరువాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

క్షమాపణ చెప్పాను. ఎప్పుడూ చెబుతూనే ఉంటాను, మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ చెప్పవలసి వస్తుంది. కోపం వచ్చినప్పుడు నోరు మూసుకుని దిగమింగడమే మగతనమని మా అన్నయ్య అంటాడు. లోపల దాచుకుంటే రోగమవుతుందని, గుద్దే సంచీ ఒకటి వేలాడదీసి కసితీరా గుద్దితే తేలికవుతుందని నా స్నేహితుడు అంటాడు. రెండూ ప్రయత్నించాను. మొదటిది చేస్తే వారం తరువాత పేలుతున్నాను, రెండోది చేస్తే గుద్దుతున్నంతసేపూ ఆ అధికారి ముఖమే కళ్ల ముందు ఆడుతోంది. అసలు కోపాన్ని కక్కేస్తే తగ్గుతుందన్న మాటలో నిజముందా? అణచుకోవడమూ అదుపులో పెట్టుకోవడమూ ఒకటేనా? ఇది నిపుణుల దగ్గరకు వెళ్లవలసినంత విషయమా, లేక నా అంతట నేను దిద్దుకోగలిగినదేనా? అనుభవమున్నవారు చెప్పగలరు.

నీటిగీత

ఉలిదెబ్బ గారూ, నేను చాలాకాలంగా కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను. మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవచ్చు: కక్కేస్తే తగ్గదు, చాలా సందర్భాల్లో పెరుగుతుంది. గుద్దే సంచీ దగ్గర మీకు కలిగిన అనుభవాన్ని బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2002లో ప్రయోగం చేసి చూపించారు. ముందుగా విద్యార్థులకు కోపం తెప్పించి, కొందరిని తమకు కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ సంచీని గుద్దమన్నారు, కొందరిని వ్యాయామం గురించి ఆలోచిస్తూ గుద్దమన్నారు, మిగిలినవారిని ఏమీ చేయకుండా ఊరికే కూర్చోబెట్టారు. మనిషిని తలచుకుంటూ గుద్దినవారిలో కోపమూ, ఎదుటివారిని దెబ్బతీయాలన్న పంతమూ అందరికంటే ఎక్కువగా కనిపించాయి. ఊరికే కూర్చున్నవారే మెరుగనిపించుకున్నారు. 2024లో సోఫీ షార్విక్‌తో కలిసి ఆయనే 154 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, ఒంట్లోని ఉద్రేకాన్ని దించే పనులు కోపాన్ని తగ్గిస్తాయని, ఉద్రేకాన్ని పెంచే పనులు మొత్తం మీద తగ్గించవని తేలింది. పరుగెత్తడం గుండెకు మంచిదే కావచ్చు గాని, కోపం దిగడానికి మాత్రం అది పనికిరాలేదు.

మరి కక్కేయాలన్న నమ్మకం ఇంత బలంగా ఎందుకు నాటుకుంది? కొంత తప్పు మన మాటలది. కోపం పొంగిందంటాం, కట్టలు తెంచుకుందంటాం, వెళ్లగక్కాడంటాం. ఈ మాటలన్నీ కోపాన్ని పాత్రలో నిండే నీటిలాగా ఊహిస్తాయి, నిండితే ఒంపేయాలన్నది ఆ ఊహలోనే ఉంది. 1895లో వియన్నా వైద్యులు బ్రోయర్, ఫ్రాయిడ్ కలిసి హిస్టీరియా గురించి రాసిన పుస్తకం కూడా బిగబట్టిన ఉద్వేగాన్ని విడుదల చేయాలన్న ఇటువంటి ఊహకే శాస్త్రం రూపమిచ్చింది. కాని మన భాషలోనే ఇంకో వరుస ఉంది: మండిపడటం, భగ్గుమనడం, రాజుకోవడం, చల్లబడటం. ఒంట్లో జరిగేదానికి ఈ రెండో వరుసే దగ్గరగా ఉంటుంది. నిప్పును విసిరితే తరిగిపోదు కదా.

ఒంట్లో జరిగేది క్లుప్తంగా ఇది. ముప్పు లేదా అవమానం ఎదురైందని మెదడు లోపలి భాగంలో ఉండే అమిగ్డాలా గుర్తించగానే మెదడులోనే ఉండే హైపోథాలమస్ ద్వారా, ఒంటిని అత్యవసర స్థితికి సిద్ధం చేసే సింపథెటిక్ నాడీవ్యవస్థ మేల్కొంటుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి దిగుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, దవడ బిగుస్తుంది, అరచేతులు వేడెక్కుతాయి. పోరాడటానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ 1915లోనే వివరించారు. ఆ స్థితిలో, ముందూ వెనకా చూసి మాటను ఆపవలసిన నుదుటి వెనక భాగం పట్టు సడలుతుంది. అందుకే రిమోటు గోడను తాకిన తరువాత గాని మీకు మీరు గుర్తుకు రాలేదు.

మీ గురువారం విషయంలో అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఒక సందర్భంలో రేగిన ఉద్రేకం పూర్తిగా దిగకముందే వేరే సందర్భం ఎదురైతే, ఆ మిగులు రెండోదాని ఖాతాలో పడుతుందని డాల్ఫ్ జిల్‌మన్ 1970లలో ప్రతిపాదించారు. మీ చెవికి టీవీ శబ్దం అంత పెద్దగా వినిపించడానికి కారణం టీవీ కాకపోవచ్చు. ఆఫీసు నుంచి మోసుకొచ్చిన బరువును మీరు అమ్మాయి పద్దులో రాశారు.

కాబట్టి నా సలహా ఇంట్లో కోపం వచ్చినప్పుడు ఏం చేయాలన్న దగ్గర మొదలుకాదు, తలుపు దగ్గరే మొదలవుతుంది. ‘ఇకనుంచి శాంతంగా ఉంటాను’ అన్న తీర్మానం మెదడుకు అర్థం కాదు. ‘ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను’ అని కచ్చితంగా ముడిపెట్టుకున్న నిర్ణయాలు ఆచరణలోకి వచ్చే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరంగా రాశారు. తలుపు గడియ మీద చెయ్యి పడగానే ఆగండి, ఊపిరి తీసుకునే సమయం కంటే వదిలే సమయం ఎక్కువ ఉండేలా ఎనిమిది పదిసార్లు శ్వాసించండి, దవడ బిగిసి ఉందేమో చూసుకోండి. నిదానంగా ఊపిరి వదిలినప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఇందులో మహిమలేమీ లేవు. ఇక ఇంట్లోనే రాజుకుంటే, గుండె నిమిషానికి నూరు దాటి కొట్టుకుంటున్నప్పుడు ఏ వాదనా మంచిగా ముగియదని దంపతుల తగాదాలను దశాబ్దాలపాటు పరిశీలించిన జాన్ గాట్‌మన్ అంటారు. కనీసం 20 నిమిషాలు విడిగా ఉండమన్నది ఆయన సలహా. ఆ 20 నిమిషాలూ లోపల వాదనను తిప్పి తిప్పి నూరుకుంటే మాత్రం లెక్కలోకి రావు. పది అంకెలు లెక్కపెట్టడం చాలామందికి పనిచేయకపోవడానికి కూడా కారణం ఇదే, అంకెల మధ్య ఎదుటివారికి ఇవ్వవలసిన జవాబు తయారవుతూ ఉంటుంది.

ఉలిదెబ్బ

నీటిగీత గారూ, ధన్యవాదాలు. ఖాతా సంగతి చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఒక అనుమానం. గొడవ మధ్యలో లేచి 20 నిమిషాలు వెళ్లిపోతే అది పారిపోయినట్లు కాదా? నా భార్యకు నేను మాట మధ్యలో లేచి వెళ్లిపోవడమే అన్నింటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. పైగా చల్లబడ్డాక ఆ విషయం ఎత్తాలనిపించదు, అలాగే వదిలేస్తాను. అంటే తిరిగి దిగమింగడమే కదా?

మౌనవ్రతి

ఉలిదెబ్బ గారూ, మీ అనుమానానికి జవాబు నేనే. ఇరవై రెండేళ్ల కాపురంలో నేను గొంతు పెంచింది లేదు. ఆ సంగతి నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా. నాకు కోపం వస్తే మూడు రోజులు మాటలుండవు. తలుపు మెల్లగానే వేస్తాను, కాని ఆ మెల్లదనం ఇంటిల్లిపాదికీ వినిపించేది. ఒకనాడు మా ఆవిడ, ‘మీరు అరిచినా బాగుండేదండీ, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో తెలిసేది’ అన్నారు. అప్పటిదాకా నాకు కోపం లేదనే నేను అనుకుంటూ వచ్చాను.

చార్లెస్ స్పీల్‌బెర్గర్ 1988లో తయారుచేసిన కోపం కొలతపత్రంలో కోపాన్ని లోపలికి తిప్పుకునే అలవాటుకు, బయటకు వదిలే అలవాటుకు వేర్వేరు కొలతలున్నాయి, అదుపు అనేది ఈ రెండింటితో కలవని ఇంకో కొలత. మీ రెండో ప్రశ్నకు అందులోనే జవాబుంది. కోపాన్ని ముఖంలో కనపడకుండా అణచినప్పుడు లోపలి కోపం తగ్గదని, ఒళ్లు పడే శ్రమ పెరుగుతుందని జేమ్స్ గ్రాస్ వంటి పరిశోధకులు చూపించారు. ఉద్వేగాలను దాచిపెట్టే మనిషితో మాట్లాడుతున్నప్పుడు ఎదుటి మనిషి రక్తపోటు కూడా పెరుగుతుందని 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో చదివినప్పుడు, మా ఆవిడ మాట మళ్లీ గుర్తొచ్చింది. చల్లార్చడం ఒళ్లు దిగడం కోసం, అణచడం విషయం పైకి రాకుండా ఉండటం కోసం. పైకి చూస్తే రెండూ ఒకేలా నిశ్శబ్దంగా ఉంటాయి గాని, తిరిగివచ్చి మాట్లాడారా లేదా అన్న దగ్గరే వాటి తేడా తెలుస్తుంది.

అందుకని వెళ్లేముందు ఒక వాక్యం చెప్పాలి. ‘ఇప్పుడు నేను సరిగ్గా మాట్లాడలేను, అరగంటలో వచ్చి మాట్లాడతాను.’ ఎంతసేపటికి వస్తారో చెప్పకపోతే అది పారిపోవడమే. చెప్పిన వేళకు రాకపోతే ఇంకా నష్టం. వచ్చి విషయం మీరే ఎత్తాలి, వారు ఎత్తేదాకా చూడకూడదు. ఈ చివరి భాగం నాకు అన్నింటికంటే కష్టమైంది, ఎందుకంటే చల్లబడిన తరువాత ‘పోనీలే, ఇంత చిన్నదానికా’ అనిపిస్తుంది. మా ఇంట్లో అలా వదిలేసిన చిన్నవాటన్నింటికీ వడ్డీ పెరుగుతూ వచ్చింది.

తిరిగివచ్చి ఏం మాట్లాడాలో తెలియాలంటే ముందు వచ్చింది ఏ కోపమో తేల్చుకోవాలి. ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం, మనకున్నన్ని పేర్లను మనం వాడుకోవడం లేదంతే. అలసటలో వచ్చేది చిరాకు, అదే పని పదేపదే చేయవలసి వస్తే విసుగు. అలక ఎదుటివారు వచ్చి బతిమాలాలని ఎదురుచూస్తుంది, ప్రేమ ఉందన్న నమ్మకం లేనిచోట ఎవరూ అలగరు. రోషం పరువు దగ్గర పుడుతుంది. ఉక్రోషం మాత్రం చేతకానితనం దగ్గర పుడుతుంది, ఏమీ చేయలేక, చేయలేనని ఒప్పుకోలేక వచ్చే కోపమది. కసి రోజులు గడిచినా చల్లారదు. నా మూడు రోజుల మౌనానికి ‘గంభీరమైన కోపం’ అని నేను పేరు పెట్టుకున్నాను, నిజాయితీగా చూసుకుంటే అది నడివయసు మగవాడి అలక. ఆ మాట మా ఆవిడతో అనగలిగిన రోజున ఇద్దరం నవ్వుకున్నాం. ఉద్వేగానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు అమిగ్డాలా స్పందన తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో మెదడు చిత్రాల్లో చూపించింది. నాకు ఆ చిత్రాల అవసరం లేకుండానే అర్థమైంది గాని, నమ్మనివారికి పనికొస్తుందని రాస్తున్నాను. మీ గురువారం కోపానికి ఏ పేరు సరిపోతుందో మీకే తెలియాలి, నాకు మాత్రం ఉక్రోషం లాగా వినిపించింది.

పేరు తెలిశాక వాక్యం అదే మారుతుంది. ‘నువ్వెప్పుడూ ఇంతే, చెప్పిన మాట వినవు’ అన్నదానిలో ఎదుటి మనిషి గుణం మీద తీర్పు ఉంది, పైగా ‘ఎప్పుడూ’ అన్న మాట అబద్ధం కూడా. దానికి జవాబుగా వారు వినిన సందర్భాల జాబితా వస్తుంది, అసలు విషయం అక్కడితో పోతుంది. ‘రెండుసార్లు చెప్పినా శబ్దం తగ్గకపోయేసరికి నా మాటకు విలువ లేదనిపించింది, తల నొప్పిగా ఉంది, ఒక గంట నెమ్మదిగా పెట్టుకో’ అంటే అందులో జరిగినదీ ఉంది, అనిపించినదీ ఉంది, కావలసినదీ ఉంది. థామస్ గోర్డన్ అనే మనస్తత్వవేత్త ఈ తరహా మాటలకు ‘నేను’ వాక్యాలని పేరు పెట్టి తల్లిదండ్రులకు నేర్పేవారు. ‘నువ్వు మొండిదానివని నాకనిపిస్తోంది’ అంటే మాత్రం అది ‘నేను’ ముసుగు వేసుకున్న ‘నువ్వు’. ఆ తప్పు నేను ఏడాదిపాటు చేశాను.

గణగణ

ఇంతవరకూ వచ్చిన సలహాలన్నీ చదివాను, ఒక్కటి అడగాలనుంది. అందరూ ఈయన కోపాన్ని ఎలా దించాలో చెబుతున్నారు, ఆ కోపం సబబా కాదా అని మాత్రం ఎవరూ అడగలేదు. నలుగురి ముందు మాట పడినప్పుడు కోపం రావడంలో తప్పేముంది? ఎవరి మీద, ఎప్పుడు, ఎంతమేరకు, ఏ కారణానికి అన్నవి సరిగ్గా కుదిరిన కోపం మెచ్చుకోదగినదేనని అరిస్టాటిల్ అన్నాడు, రావలసిన చోట రాని మనిషిని ఆయన మూఢుడిగానే లెక్కవేశాడు. 1982లో జేమ్స్ ఏవెరిల్ అనే మనస్తత్వవేత్త మామూలు మనుషుల రోజువారీ కోపాలను అడిగి తెలుసుకుని ఒక పుస్తకం వెలువరించారు. ఆ కోపాల్లో ఎక్కువ భాగం తెలిసినవారి మీద, ఆత్మీయుల మీద వచ్చినవే, కొట్లాటల దాకా వెళ్లినవి తక్కువే. వాటివల్ల మేలే జరిగిందన్నవారు కూడా ఎక్కువమంది ఉన్నారు.

ఉలిదెబ్బ గారి కోపం ఉత్తరంలాంటిది. దానిమీద చిరునామా స్పష్టంగా ఆ అధికారిదే, రోజూ దాన్ని మోసుకెళ్లి అమ్మాయికి ఇస్తున్నారు. తలుపు దగ్గర పదిసార్లు ఊపిరి పీల్చుకుంటే ఆ రోజుకు అమ్మాయి బయటపడుతుంది, ఉత్తరం మాత్రం జేబులోనే ఉంటుంది. ఆఫీసులో నవ్వి ఊరుకోవడాన్ని ఆయన తన మంచితనంలో జమ వేసుకుంటున్నారు, నా దృష్టిలో అసలు సమస్య ఆ నవ్వే. వెళ్లి అరవమని అనడం లేదు. మర్నాడు ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు ఆ అధికారిని విడిగా కలిసి, ‘పనిలో లోపముంటే చెప్పండి, దిద్దుకుంటాను, కాని నలుగురి ముందు అనకండి’ అని రెండు ముక్కలు చెప్పవచ్చు. అది చేయలేని ఉద్యోగమైతే ఆ సంగతైనా ఇంట్లో పెద్దవాళ్లతో పంచుకోవచ్చు. బరువు ఎక్కడిదో ఇంట్లో ఒకరికైనా తెలియాలి.

నీటిగీత

గణగణ గారి మాటతో నాకు పేచీ లేదు, నేను ఆ వైపు రాయవలసింది. ఒక్క చిన్న సవరణ మాత్రం చేర్చనివ్వండి. కోపం సబబేనని తేలాక కూడా ఎదుటివారి ఉద్దేశం గురించి మన ఊహను ఒకసారి సరిచూసుకోవాలి. ఇతరులు చేసినదానికి వారి గుణాన్ని, మనం చేసినదానికి మన పరిస్థితిని కారణంగా చూపడం, ముఖ్యంగా చెడు జరిగినప్పుడు, చాలామందిలో ఉన్న అలవాటు. అమ్మాయి శబ్దం తగ్గించకపోతే అది మొండితనం, మీరు రిమోటు విసిరితే అది అలసట. రెండింటినీ ఒకే తక్కెడలో వేసి చూడండి.

పాతపలక

నేను వైద్యుణ్ణి, మనోవైద్యుణ్ణి కాను. కోపమని వచ్చేవారు నా దగ్గర తక్కువ, తలనొప్పి అని, నిద్ర లేదని, గుండె దడ అని వచ్చి మాటల్లో కోపం దాకా వెళ్లేవారే ఎక్కువ. అందుకని ఒంటి సంగతి చెబుతాను.

గత ఏడాదిలోనో రెండేళ్లలోనో మీ కోపం స్పష్టంగా పెరిగిందనిపిస్తే ముందుగా నిద్రను చూసుకోండి. రాత్రి గట్టిగా గురకపెట్టి, పగలు తూలుతూ ఉండేవారిలో చిరాకు తరచుగా కనిపిస్తుంది, వారికి కావలసినది నీతిబోధ కాదు, నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూసే పరీక్ష. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, తగ్గని నొప్పి, మద్యం, దాన్ని మానిన తొలిరోజులు, స్టెరాయిడ్ వంటి కొన్ని మందులు కూడా మనిషిని చిటపటలాడేలా చేస్తాయి. కుంగుబాటు కొందరిలో, ముఖ్యంగా మగవారిలో, ఏడుపుగా కాక విసురుగా బయటపడుతుంది. ‘నాకు దిగులేమీ లేదు డాక్టరుగారూ, అందరూ నన్ను విసిగిస్తున్నారు’ అన్న మాట విన్నప్పుడు నేను దిగులు గురించే ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతాను.

గుండె సంగతి కూడా తెలిసి ఉండాలి. తీవ్రమైన కోపం వచ్చిన తరువాతి రెండు గంటల్లో గుండెపోటు ముప్పు మామూలు కంటే రెండింతలకు పైగా పెరుగుతుందని 1995లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. అయితే ఆ రెండు గంటల ముప్పు ఆరోగ్యవంతుల్లో మొదటే చాలా తక్కువ కాబట్టి, దీన్ని చదివి కంగారుపడనవసరం లేదు. 2024లో 280 మంది మీద జరిపిన ఒక ప్రయోగంలో, కోపం తెప్పించిన సంఘటనను ఎనిమిది నిమిషాలు తలచుకున్నవారి రక్తనాళాలు వ్యాకోచించే శక్తి 40 నిమిషాల వరకూ తగ్గి కనిపించింది. అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఊరికే తలచుకున్నారు. అణచుకుని లోపల తిప్పుకునేవారు ఈ మాటను గమనించాలి.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. మూడు నెలల పాటు సగటున వారానికి రెండుసార్లు మాటల దాడికో వస్తువులు పాడవని, ఎవరికీ గాయం కాని దాడికో దిగడం, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తువులు పాడయ్యేలా, ఎవరికైనా గాయమయ్యేలా పేలడం, అదీ కారణానికి ఏమాత్రం సరితూగనంత తీవ్రంగా, ముందు ఆలోచన లేకుండా జరగడం ఉంటే, దాన్ని ఆగివచ్చే విస్ఫోటక రుగ్మతగా (ఇంగ్లీషులో ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్) పరిశీలించాలని అమెరికన్ మనోవైద్యుల 2013 నాటి నిర్ధారణ గ్రంథం అంటుంది. మీకు అది ఉందని నేను అనడం లేదు, తెరమీద చదివి రోగనిర్ధారణ చేసే అలవాటు నాకు లేదు. నేను వాడే గీటురాయి ఇంకా మొరటుది: మీ అడుగుల చప్పుడు వినగానే ఇంట్లోవాళ్లు మాట ఆపేస్తున్నారా? అవునంటే వెళ్లవలసిందే. చెయ్యి మనిషి మీద పడితే, పడుతుందేమోనన్న భయం వేసినా, అప్పటికప్పుడు ఆ ఇంటివారి భద్రత ముందు, మీ చికిత్స తరువాత.

చికిత్స అంటే హడలిపోనక్కర్లేదు. రేమండ్ నొవాకో 1975లో రూపొందించిన పద్ధతి, దాని తరువాత వచ్చిన ఆలోచనా ప్రవర్తనా చికిత్సలూ చాలావరకు సాధనే. ఏది రెచ్చగొడుతుందో రాసుకోవడం, ఒంటిని దించడం నేర్చుకోవడం, నిపుణుడి ఎదుట చిన్న రెచ్చగొట్టుళ్లతో అభ్యాసం చేసి క్రమంగా పెద్దవాటికి వెళ్లడం. మీరు ఇప్పటినుంచే ఒక చిన్న పుస్తకంలో రోజు, వేళ, అంతకు ముందు గంటలో ఏం జరిగింది, ఒంట్లో మొదట తెలిసిన గుర్తు ఏమిటి, సున్నా నుంచి పదిలో కోపం ఎంత అన్నవి రాయండి. చాలామందికి ఆరు దాటాక ఆపడం కుదరదు, మూడు దగ్గర కుదురుతుంది. మూడును గుర్తుపట్టడమే అసలు చదువు.

అమ్మాయి విషయం ఒక్కటి. క్షమాపణ చెప్పినప్పుడు ‘నువ్వు వినకపోయేసరికి’ అన్న తోక తగిలించకండి, ‘నాన్నను క్షమించావా’ అని అడిగి ఆ పిల్ల చేత ఓదార్పు చేయించుకోకండి. విసిరింది నేను, అది నీ తప్పు కాదు, మళ్లీ రాకుండా నేను ఇది చేయబోతున్నాను అని చెప్పి, చెప్పినది చేయండి.

ఉలిదెబ్బ

ఐదు వారాల తరువాత రాస్తున్నాను. పాతపలక గారూ, మీ గీటురాయి మా ఇంట్లో అవుననే జవాబిచ్చింది. మా ఆవిడను అడిగితే, చెప్పడానికి ఆమె కాసేపు తటపటాయించింది, ఆ తటపటాయింపే నాకు సరిపోయింది. ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గరకు మూడుసార్లు వెళ్లాను.

పుస్తకం రాస్తున్నాను. 35 రోజుల్లో 14 నమోదులున్నాయి, అందులో 11 ఆఫీసు నుంచి వచ్చిన తరువాతి గంటలోనివే. నా మొదటి గుర్తు దవడ కాదు, ఎడమ చేతి బొటనవేలిని పిడికిట్లో పెట్టి బిగించడమట. అది కూడా నేను కనిపెట్టలేదు, మా అమ్మాయి చెప్పింది. ‘నాన్నా, నువ్వు వేలు దాచుకుంటే నేను లోపలికి వెళ్లిపోతాను’ అంది. అధికారితో మాట్లాడాను, గొంతు వణికింది, అనవలసిన దాంట్లో సగమే అన్నాను. ఆయన ‘సరే’ అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రోజు పుస్తకంలో రెండు అని వేసుకున్నాను.

రెండుసార్లు తప్పాను. ఒకసారి అరిచాను. రెండోసారి 20 నిమిషాల్లో వస్తానని చెప్పి మేడ మీదికి వెళ్లి, మొదటి పది నిమిషాలూ లోపల వాదన నూరుకుంటూనే ఉన్నానని గుర్తించి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకుని దిగివచ్చాను. మెట్ల చివర మా అమ్మాయి కూర్చుని ఉంది. గోడ గడియారం వైపు వేలు చూపించి, ‘ముప్పై అయిదు’ అంది, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.